"వేరే మందులేం లేవు సారూ": ఒక థైరాయిడ్ కేసు

పేషెంటుకి యాభై ఏళ్లు అటూఇటూ. ఆరేళ్లుగా థైరాయిడ్ తక్కువ. పొద్దున్నే పరగడుపున 75 మైక్రోగ్రాముల గోలీ, ఏడాదికోసారి రక్తపరీక్ష, ఎప్పుడు చూసినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను, థైరాయిడ్ తగ్గితే ఈ అంకె పెరుగుతుంది) రెండు మూడు మధ్యలోనే. నా దగ్గరికొచ్చే థైరాయిడ్ వాళ్లందరిలో ఈమె గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన పని పడలేదు, అంత కుదురుగా నడిచిన కేసు. అలాంటిది దాదాపు ఏడాది పాటు నన్ను తిప్పి తిప్పి చివరికి బయల్దేరిన చోటికే తెచ్చి వదిలింది. గుర్తుపట్టకుండా ఊరు పేరు వదిలేసి, ఇంటి సంగతులు కొన్ని మార్చి రాస్తున్నాను.

ఊరు పేరు రాయను కానీ ఏ వైపో చెప్పాలి, అది చెప్పకపోతే కేసు అర్థం కాదు. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మన దగ్గర ఎవరికీ కొత్త కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, అక్కడి బోర్లలో చాలావాటికి అది దాటి ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ యాభై ఏళ్ల మనిషి చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్లు ఎముకల్లో అట్లాగే ఉంటాయి కదా. ఈమెకి పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగితే లేవనియ్యని నడుము, మెట్లు దిగేటప్పుడు పట్టేసే మోకాళ్లు. ఈ వైపు ఊళ్లలో కాల్షియం గోలీ లేని ఇల్లు తక్కువ, అది ఊరికే అలవాటైంది కూడా కాదు, ఫ్లోరైడ్ ఉన్నచోట తిండిలో కాల్షియం తక్కువైతే ఎముకలకి చెరుపు ఇంకా ఎక్కువ. అందుకే ఇక్కడ డాక్టర్లు కాల్షియం, విటమిన్ డి చెయ్యి ఆపకుండా రాస్తారు. నేనూ రాస్తాను.

ఏప్రిల్‌లో వచ్చింది. "ఒళ్లంత బరువుగున్నది సారూ, పని మీద పానం పోతలేదు." ఏడాదిలో ఐదు కిలోలు పెరిగింది, మలబద్ధకం, మొహం కొంచెం ఉబ్బు, దువ్వెనకి చుట్టుకుని వచ్చే జుట్టు, నెలసరి ఎక్కువై పది రోజులు ఉంటోందట. టీఎస్‌హెచ్ 18.

స్థిరంగా ఉన్న మనిషికి ఇట్లా ఒక్కసారిగా పెరిగితే మా మనసులో మొట్టమొదట వచ్చే మాట ఒకటే, గోలీ మానేస్తోంది. అడిగాను. "ఒక్క దినం గూడ ఇడిచిపెట్టలే" అంది. నమ్మలేదు, నమ్మినట్టు తల ఊపి, గోలీ ఎంత ముఖ్యమో ఐదు నిమిషాలు చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. వేరే మందులేమైనా వాడుతున్నవా అంటే లేవంది. డోసు 100 చేసి పంపించాను.

టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, అంతకంటే ముందు చూస్తే ఆ అంకెకి అర్థం ఉండదు, ఎందుకంటే ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. జూన్‌లో చూస్తే 15. ఈసారి గోలీల డబ్బా తెమ్మన్నాను. నూరు గోలీల డబ్బా, మూత మీద మెడికల్ షాపు పిల్లవాడు స్కెచ్ పెన్నుతో రాసిన తేదీ. బల్ల మీద పోసి లెక్కపెట్టాను, నేను లెక్కపెడుతుంటే ఆమె నా మొహమే చూస్తోంది. కొని 47 రోజులు, మిగిలినవి 53. సరిగ్గా సరిపోయింది. సిగ్గేసింది నిజానికి.

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. ఎండాకాలం కదా, గోలీ చెడిపోయిందేమో అనుకున్నాను. అది మరీ తెలివితక్కువ అనుమానం కాదు, ఈ మందు వేడికి, తేమకి, వెలుతురుకి బలహీనపడుతుంది, ఆమె దాన్ని రేకుల ఇంట్లో కిటికీ గూట్లో పెడుతోంది, మన దగ్గర మే నెల ఎట్లా ఉంటుందో తెలిసిందే. కొత్త డబ్బా తీసుకుని లోపలి గదిలో చల్లగా ఉండేచోట పెట్టమన్నాను, దానితోపాటు డోసు 125 చేశాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదని హౌస్‌సర్జన్లకి చెప్పే మనిషిని నేనే.

జూలై చివర్లో 13.

ఇక్కడ లెక్క చూడండి. థైరాయిడ్ గ్రంథి అసలే పనిచెయ్యని పెద్దవాళ్లకి కూడా కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతుంది. ఈమె 64 కిలోలు, అంటే పూర్తి డోసు నూరు దగ్గర. 125 వేసుకుంటూ, ఒక్క రోజు మానకుండా, టీఎస్‌హెచ్ 13 ఉందంటే గోలీ నోట్లోకి పోతోంది కానీ రక్తంలోకి పోవట్లేదని అర్థం. పేగుల్లో ఏమైనా జబ్బు ఉందా, గోధుమ పడని జబ్బు ఉందా, కడుపులో ఆమ్లం తగ్గిందా అని నేను పరీక్షల చీటీ రాయడం మొదలుపెట్టాను, హైదరాబాద్ పంపించాలా అని కూడా అనుకున్నాను. ఖర్చు విని ఆమె తర్వాత చూద్దామంది. మంచిదే అయింది.

రిపోర్టు బాగుంది, మనిషి బాగాలేదు

సెప్టెంబర్‌లో రిపోర్టు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. టీఎస్‌హెచ్ 0.8. ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను, అయితే ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే. అంటే 125 పట్టింది, పైగా కాస్త ఎక్కువైంది, ఇక తగ్గించాలి. 100కి దించాను. ఆమె "ఇంకా అట్లనే ఉన్న సారూ" అంటే, రిపోర్టు బాగుందమ్మా, ఒంటికి తెలియడానికి టైమ్ పడుతుంది అన్నాను.

ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటానో నా జీవితంలో.

నవంబర్‌లో కోడలు పట్టుకుని తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చుని నేను వేరే పేషెంటుతో మాట్లాడేలోపు కునుకు తీసింది. నాడి 56. చర్మం గరుకుగా, చల్లగా. మంచం మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి మడమ వెనక సుత్తితో కొడితే పాదం ముందుకి వెళ్లింది, కానీ వెనక్కి రావడానికి తీరిగ్గా వచ్చింది, ఆ నెమ్మది ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. చేతిలో ఉన్న రిపోర్టు చూస్తే రెండు నెలల కింద మందు కాస్త ఎక్కువైనట్టు ఉంది, ఎదురుగా ఉన్న మనిషికి థైరాయిడ్ తక్కువని సుత్తి చెబుతోంది. రెండూ ఒకేసారి నిజం కావు. ఇన్నాళ్లూ నేను కాగితాన్ని నమ్మాను, ఆ రోజు మొదటిసారి కాగితాన్ని అనుమానించాను.

ల్యాబులో చేసే అబ్బాయికి ఫోన్ చేశాను. శాంపిల్ మారిందా? లేదు. మెషీన్ ఏ పద్ధతి? కిట్టు మీద చూసి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అని చదివాడు. అప్పుడు కోడలి వైపు తిరిగి, జుట్టు రాలుతోందని ఏమైనా వాడుతోందా అని అడిగాను. "గవి మందులు గావు సారూ, చాక్లెట్ల లెక్క ఉంటయి. మా ఆడపడుచు పట్నం నుంచి పంపింది." ఆగస్టు నుంచి రోజూ పొద్దున్నే. ఫోన్‌లో ఫోటో చూపించింది. బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు, అంటే 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు, అది కూడా మామూలు తిండిలోనే వస్తుంది.

బయోటిన్ చేసే పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా. ఇది థైరాయిడ్ మందుని ఏమీ చెయ్యదు, పరీక్షని తప్పు చెప్పిస్తుంది. ఆ రకం కిట్లలో స్ట్రెప్టావిడిన్ అనేది కొక్కెం, బయోటిన్ దానికి తగులుకునే ఉంగరం. టీఎస్‌హెచ్‌ని పట్టుకునే యాంటీబాడీకి ఈ ఉంగరం తొడిగి ఉంటుంది, అది వెళ్లి కొక్కేనికి తగులుకుంటే మెషీన్ దాన్ని లెక్కపెడుతుంది. పేషెంటు రక్తంలోనే ఉంగరాలు కుప్పలుగా ఉంటే కొక్కేలన్నీ ముందే నిండిపోతాయి, అసలు టీఎస్‌హెచ్ కడిగేసిన నీళ్లలో పోతుంది, మెషీన్ తక్కువని రాస్తుంది. ఫ్రీ టీ4 పరీక్ష దీనికి తలకిందులు, అందులో సిగ్నల్ ఎంత తగ్గితే హార్మోను అంత ఎక్కువ ఉన్నట్టు లెక్క, కాబట్టి అది ఎక్కువని వస్తుంది. రెండూ కలిపి చూస్తే మందు కాస్త ఎక్కువైనట్టే కనిపిస్తుంది. నేను డోసు తగ్గించింది అందుకే. ఆమె సెప్టెంబర్ పరీక్ష రోజు పొద్దున ఆ చాక్లెట్ తిని, రెండు గంటలలోపే రక్తం ఇచ్చింది, అంటే బయోటిన్ రక్తంలో బాగా ఎక్కి ఉన్న టైమ్‌లో.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లోనే హెచ్చరిక ఇచ్చింది, అందులో ఉన్నది థైరాయిడ్ కంటే భయంకరమైన సంగతి, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్ష బయోటిన్ వల్ల తప్పుగా తక్కువ వచ్చిన ఒక పేషెంటు చనిపోయాడు. నాకు ఈ హెచ్చరిక తెలుసు. తెలిసి కూడా ఈమె విషయంలో తట్టలేదు, పొలం పని చేసుకునే యాభై ఏళ్ల మనిషి జుట్టు చాక్లెట్లు తింటుందని నా బుర్రలో లేదు. అది మళ్లీ నా తప్పే.

మూడు రోజులు బయోటిన్ ఆపించి మళ్లీ రక్తం తీయించాను. రెండు రోజులు ఆపితే చాలంటారు, నేను ఒక రోజు కలిపాను. టీఎస్‌హెచ్ 19.

కవరు

అంటే రిపోర్టు ఎందుకు తప్పు చెప్పిందో తెలిసింది, ఏప్రిల్‌లో 18 ఎందుకైందో ఇంకా తెలియలేదు. ఈసారి వేరే మందులున్నాయా అని అడగలేదు. పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి పండుకునే దాకా నోట్లో ఏమేం వేసుకుంటుందో అన్నీ ఒక కవర్లో వేసుకుని రమ్మన్నాను. చాయ్ పొడి తప్ప.

రెండు రోజులకి కోడలు బట్టల షాపు కవరు తెచ్చి నా బల్ల మీద గుమ్మరించింది. థైరాయిడ్ డబ్బా. కాల్షియం 500 స్ట్రిప్పులు మూడు, పోయిన డిసెంబర్‌లో మోకాళ్లకి చూసిన డాక్టర్ రోజుకి రెండు రాశాడు. ఎర్రటి ఐరన్ గోలీలు, నెలసరి ఎక్కువై రక్తం తగ్గిందని ఫిబ్రవరి నుంచి. నొప్పి గోలీలతోపాటు మొదలై, నొప్పి గోలీలు ఆపేసినా ఆగకుండా పోతున్న గ్యాస్ గోలీ. సగం కత్తిరించిన స్ట్రిప్పు ఒకటి, పేరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది, రంగు చూసి బీ కాంప్లెక్స్ అనుకున్నాను. ప్రొటీన్ పొడి డబ్బా అడుగున రెండు చెంచాలు. జుట్టు చాక్లెట్ల సీసా.

"ఇవన్నీ ఉండంగ మందులు లేవన్నవేందమ్మా?"

"గవి బలం గోలీలు సారూ, మందులు కాదు గదా."

నేను అడిగిన ప్రశ్నకి ఆమె ఏప్రిల్ నుంచీ నిజమే చెప్పింది.

టైమ్ అడిగాను. పొద్దున ఐదున్నరకి లేవగానే థైరాయిడ్ గోలీ, దానితోపాటే కాల్షియం, ఐరన్, గ్యాస్ గోలీ, అన్నీ అరచేతిలో పెట్టుకుని ఒకే గుక్క. "ఒక్కసారే ఏస్కుంటే మర్సిపోను గదా." వెంటనే పాల చాయ్. రాత్రి అన్నం తిన్నాక రెండో కాల్షియం. మందులు మానకుండా వాడాలని నేను ఆమెకి ఆరేళ్లుగా నేర్పిన క్రమశిక్షణే ఇది, తేడా ఏంటంటే ఆ క్రమశిక్షణతోనే గోలీ ఎందుకూ పనికిరాకుండా పోయింది.

కాల్షియం, ఐరన్ రెండూ కడుపులో థైరాక్సిన్‌ని, అంటే థైరాయిడ్ గోలీలో ఉండే మందుని, పట్టుకుని కదలనివ్వవు, రక్తంలోకి పోవాల్సింది మలంలో పోతుంది. కాల్షియం మీద 2000లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఉంది, ఇరవై మంది థైరాయిడ్ పేషెంట్లకి గోలీతోపాటు రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం మూడు నెలలు ఇస్తే సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 2.7కి పెరిగింది, ఆపితే మళ్లీ దిగింది. ఐరన్ మీద 1992లో పద్నాలుగు మందితో చేసినదాంట్లో ఇంకా ఎక్కువ, 1.6 నుంచి 5.4. ఇవి ఒక్కొక్కటి విడిగా. మా పేషెంటు అరచేతిలో రెండూ ఉన్నాయి, పైన ఆమ్లం తగ్గించే గ్యాస్ గోలీ, ఆపైన పాలు. ఆమ్లం తగ్గితే థైరాయిడ్ గోలీ సరిగ్గా కరగదు. 18 రావడంలో వింతేముంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. థైరాయిడ్ తగ్గితే నెలసరి ఎక్కువవుతుంది, ఎక్కువైతే రక్తం తగ్గుతుంది, తగ్గితే ఐరన్ ఇస్తారు, ఆ ఐరన్ థైరాయిడ్ గోలీని ఆపుతుంది. డిసెంబర్‌లో కాల్షియంతో మొదలైంది ఫిబ్రవరికి ఒక గుండ్రం తిరిగిందని నా అంచనా, రుజువు చెయ్యలేను.

అన్నీ ఆపెయ్యి అనడం తేలిక. కానీ ఫ్లోరైడ్ ఎముకలున్న మనిషికి కాల్షియం ఆపడానికి నాకు మనసొప్పలేదు, హిమోగ్లోబిన్ 9 ఉన్నప్పుడు ఐరన్ ఆపలేను. వేళలు మార్చాలి. మొదట, కాల్షియం థైరాయిడ్ గోలీకి నాలుగు గంటల తర్వాత, అంటే పది గంటలకి వేసుకోమన్నాను. రెండు వారాలకి అడిగితే సగం రోజులు వేసుకోలేదు, పదింటికి ఆమె తోటలో ఉంటుంది, గోలీ ఇంట్లో ఉంటుంది. గడియారం చూసి నేను రాసిన టైమ్ అది, ఆమె రోజు చూసి రాసింది కాదు. థైరాయిడ్ గోలీనే రాత్రికి మార్చుదామా అనుకున్నాను, కొందరికి అది బాగా పనిచేస్తుంది, కానీ తిన్న తర్వాత మూడు గంటలన్నా ఖాళీ ఉండాలి, వీళ్లింట్లో ఎనిమిదిన్నరకి తిని తొమ్మిదింటికి లైట్లు తీసేస్తారు. కుదరదు.

చివరికి నిలబడింది ఇది. లేవగానే థైరాయిడ్ గోలీ ఒక్కటే, మంచినీళ్లతో, వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గేసి వచ్చాక చాయ్, అప్పటికి ముప్పావుగంట అవుతుంది. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఐరన్, ఆ గోలీలు నాలుగు చీర కొంగుకి కట్టుకుని పోతుంది, తోటలో ఉన్న బత్తాయి ఒకటి ఒలుచుకుని తింటే ఇంకా మంచిది, విటమిన్ సి ఐరన్‌ని ఒంటబట్టిస్తుంది. రాత్రి అన్నంతో కాల్షియం, రోజుకి రెండు కాదు, ఒకటే. కాల్షియం ఐరన్‌ని కూడా అడ్డుకుంటుంది కాబట్టి ఆ రెండిటినీ కలవనివ్వలేదు. గ్యాస్ గోలీ ఎందుకు వాడుతోందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు, మెల్లగా ఆపాం. చాక్లెట్లు బంద్.

డోసు 125కి మళ్లీ పెంచాలని చెయ్యి దురదపెట్టింది, టీఎస్‌హెచ్ 19 ఉంది కదా మరి. పెంచలేదు. అడ్డం తీసేశాక గోలీ మొత్తం ఎక్కితే 125 ఎక్కువైపోతుంది, ఎక్కువైతే గుండెదడ ఒకటి, ఎముకలు ఇంకా గుల్లబారడం ఒకటి, ఈమె ఎముకలకి ఉన్న కష్టం చాలు. 100 మీదే ఉంచాను.

ఏడు వారాలకి టీఎస్‌హెచ్ 0.3. మళ్లీ తక్కువ! చాక్లెట్లు మళ్లీ మొదలుపెట్టారా అని కోడలిని గట్టిగానే అడిగాను, లేదు. ఈసారి పేషెంటునే చూశాను, నాడి 98, అరచేతులు వెచ్చగా, కొద్దిగా చెమట, రాత్రి గుండె కొట్టుకునేది చెవిలో వినబడుతోందట. సెప్టెంబర్‌లో వచ్చింది అబద్ధం, ఇది నిజం. రెండు కాగితాలు పక్కన పెట్టి చూస్తే ఏది ఏదో కాగితం చెప్పదు. డోసు 75 చేశాను. ఆ తర్వాత రెండు నెలలకి 2.6. ఆరేళ్లు కుదురుగా నడిచిన అదే 75, అదే మనిషి.

ఈ కేసు తర్వాత అందరినీ కవరు తెమ్మంటున్నాను. కొందరు విసుక్కుంటారు, వెయిటింగ్‌లో టైమ్ పోతుంది. కానీ అందులోంచి బయటపడేవి చూస్తే నాకే టెన్షన్. బీపీ గోలీలు రెండు రకాలు మార్చినా తగ్గని ఒకాయన దగ్గు కోసమని రోజూ అతిమధురం పొడి చెంచాడు చెంచాడు తింటున్నాడు, అది బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకునే ఇంకొకామె పొద్దున్నే కాకర రసం గ్లాసుడు తాగి, టిఫిన్ ఆలస్యమై చెమటలు పట్టి పడిపోయింది. బీపీకి టెల్మిసార్టాన్ మీద ఉన్నాయన ఇంట్లో సోడియం తక్కువ ఉప్పు వాడుతున్నారు, దానిలో సోడియం బదులు ఉండేది పొటాషియం, టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని నిలుపుతుంది, కిడ్నీలు కాస్త దెబ్బతిన్నవాళ్లకి ఇది ప్రమాదం. ఇందులో ఎవరూ దాచింది లేదు. అడిగే మాట మారిస్తే చెప్పారు, అంతే. ఇప్పుడు చీటీ మీద గోలీ పక్కన రోజుకి రెండు అని రాయడం మానేశాను, ముగ్గేసే ముందు, సద్ది తిన్నాక, రాత్రి అన్నంతో అని రాస్తున్నాను. మెడికల్ షాపు అబ్బాయి నవ్వాడట.

మోకాళ్ల నొప్పులు తగ్గాయా అంటే తగ్గలేదు. యాభై ఏళ్ల బోరు నీళ్లు, అవి పోయేవి కావు. హిమోగ్లోబిన్ 11 దాటింది, నెలసరి ఐదు రోజులకి వచ్చింది, జుట్టు రాలడం కూడా తగ్గింది, దానికి కారణం థైరాయిడే తప్ప చాక్లెట్ కాదని కోడలికి చెబితే ఆడపడుచుకి మీరే చెప్పుండ్రి అంది.

మొన్న కోడలు ఫోన్ చేసింది. "సారూ, మా ఆడపడుచు మోకాళ్లకు మంచిదని కొలాజెన్ పొడి పంపింది, ఏ టైముకు ఇయ్యాలె?" అడిగినందుకు సంతోషించి, డబ్బా వెనకవైపు ఫోటో తీసి పెట్టమన్నాను. నాలుగో లైన్లో ఉంది, బయోటిన్ 5000 మైక్రోగ్రాములు.